ఖాళీ ఆసనములు – చీకటి తెరలు

(ఒక గ్రంథాలయ వార్షిక సభలో చేసిన ఉపన్యాసము)



బ్లాకౌటు అను మాట మన తీరాంధ్రమునకు క్రొత్తది కాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసిన దినములలో దీపము లార్పి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకొని జనులు రాత్రులు గడపిన సంగతి పెద్దలవలన మనము విన్నదే. ఆ చీకటి శత్రువునకు వెరచి ప్రజల రక్షణకై కల్పించినది. నేడు మేము మనవి చేయబోవు చీకటి వేరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరుపదుల సంవత్సరములకు పైగా, ఫుట్‌బాలు జట్ల యజమానులు తమ టిక్కెట్లు అమ్ముడుపోవేమో యను భయముచే, తమ ఊరి ప్రజల టెలివిజను తెరలనే చీకటి చేసిరి. దానికిని వారు బ్లాకౌటు అనియే పేరు పెట్టిరి.

ఎక్కడి అమెరికా, ఎక్కడి ఫుట్‌బాలు, ఈ గ్రంథాలయమునకు దానితో పని యేమని మీలో కొంద రనుకొనవచ్చును. ఆట చిన్నదే, అందలి న్యాయప్రశ్న పెద్దది. ఆకాశమున ప్రసరించు తరంగములు ఎవరి సొత్తు? ప్రజల పన్నుతో కట్టిన కట్టడమునందు ఆ ప్రజలకు గల హక్కేమి? ఒక కారణముచే పుట్టిన నిబంధన, ఆ కారణము నశించిన పిదప ఎంతకాలము బ్రతుకవచ్చును? ఈ ప్రశ్నలు ఏ దేశమున కా దేశము వేసికొనవలసినవే.

ముందుగా ఆ నిబంధన యెట్టిదో చెప్పెదము. అమెరికావారి ఫుట్‌బాలు మన మెరిగిన కాలిబంతి కాదు. బంతిని చేత బట్టి పరుగిడి, ఎదుటివారి కొసగీతను దాటించు ఆట. దీనిని వృత్తిగా నడుపు జట్ల కూటమికి నేషనల్ ఫుట్‌బాల్ లీగు అని పేరు. ఒక జట్టు తన సొంత నగరమున ఆడునప్పుడు, ఆటకు 72 గంటలు ముందుగా టిక్కెట్లన్నియు అమ్ముడుపోనిచో, ఆ నగరము చుట్టును 75 మైళ్ల వరకు ఆ యాట టెలివిజనునందు కనబడరాదని నాటి నియమము. తక్కిన దేశమున చూపించుటకు ఒప్పందమున్న ఆటయైనను, ఎవరి ఊరి పేరు ఆ జట్టు ధరించినదో, ఆ ఊరివారికి మాత్రము తెర చీకటి. ఊరిలో పెండ్లి జరుగుచుండగా పొరుగూరివారిని పిలిచి, ఊరివారికి తలుపులు మూసినట్లున్న దీ వ్యవహారము.

అయినను ఈ నిబంధన కేవలము దురాశచే పుట్టినదని మేమనము. న్యాయవాది ఎదుటివాని పక్షమును తన పక్షముకంటె ముందుగా చదువవలెను. 1950వ సంవత్సరమున లాస్ ఏంజిలీసు నగరపు రామ్సు జట్టు తన సొంత మైదానమునందలి ఆటలన్నిటిని టెలివిజనునందు చూపుట కొప్పుకొనెను. ద్వారమువద్ద వచ్చు నష్టమును తాము పూరింతుమని టెలివిజను పెట్టెలను తయారుచేయు సంస్థ యొకటి మాట యిచ్చెను. ఆ యేడు జట్టు చక్కగా ఆడి చాంపియనుషిప్పు ఆటవరకు వెళ్లినను, మైదానమునకు వచ్చు జనము అంతకు ముందటి యేటికంటె దాదాపు సగమునకు పడిపోయెను. మరుసటి యేడు సొంత ఆటల ప్రసారము నిలిపివేయగా జనము మరల వచ్చిరి. ఆ దినములలో జట్లకు ప్రధానమైన ఆదాయము ద్వారమువద్ద పుచ్చుకొను టిక్కెట్టు డబ్బే. ఇంట కూర్చుండి ఊరకే చూడగలిగిన దానికి డబ్బిచ్చి యెవరు వత్తురని యజమానులు భయపడుట వింతకాదు.

ఈ భయము న్యాయస్థానమునకు వెళ్లెను. వ్యాపారులు ఒకటిగా చేరి స్పర్ధను నిర్బంధించుట 1890వ సంవత్సరపు షెర్మను చట్టముచే నేరము. లీగువారి ప్రసార నిర్బంధములు ఆ చట్టమునకు విరుద్ధములని అమెరికా ప్రభుత్వమే దావా వేసెను. 1953లో ఫిలడెల్ఫియా యందలి ఫెడరలు న్యాయమూర్తి అలన్ గ్రిమ్ తీర్పు చెప్పెను. ఆ తీర్పును మన యువన్యాయవాదులు చదువదగును. సాధారణ వర్తకులవలె ఒక జట్టు మరియొక జట్టును పూర్తిగా నాశనము చేయుటకు పోటీపడరాదు; ఎదుటిజట్టు లేనిదే తన ఆటయే లేదు; బలహీనమైన జట్లు బ్రతికినగాని లీగు బ్రతుకదు. కాబట్టి, ఒక జట్టు సొంత ఊరిలో ఆడుచున్న దినమున ఇతర ఆటలు ఆ ఊరిలో ప్రసారము కాకుండ ఆపుట సహేతుకమైన నిర్బంధమని ఆయన నిర్ణయించెను. కాని జట్టు బయట ఊరిలో ఆడుచున్న దినమున కాపాడదగిన ద్వారమే లేదు గనుక, ఆనాటి నిర్బంధము చెల్లదనెను. రేడియో ప్రసారములవలన జనము తగ్గుదురని ఋజువు కాలేదు గనుక, రేడియోపై నిర్బంధమును కొట్టివేసెను.

సోదరులారా, ఇందలి సూక్ష్మమును గమనింపుడు. న్యాయమూర్తి లీగునకు శాశ్వతమైన హక్కు నేదియు దానము చేయలేదు. హాని యున్నదని సాక్ష్యమున్నంతవరకే నిర్బంధమునకు నిలుకడ; సాక్ష్యము లేనిచోట నిర్బంధము లేదు. తరువాతి కథయంతయు ఈ రెండవ మాటను మరచిపోయిన కథయే.

1958 డిశంబరు 28వ తేదీన న్యూయార్కునందు జయింట్సు జట్టునకును, బాల్టిమోరు కోల్ట్సు జట్టునకును జరిగిన చాంపియనుషిప్పు ఆట మొదటిసారిగా అదనపుకాలమునకు పోయి నిర్ణయమైనది. ఇన్ని ఆటలలో ఇదియే మిన్న యని నేటికిని చెప్పుకొందురు. దేశమంతయు దానిని టెలివిజనునందు చూచెను. చూడనిది న్యూయార్కు నగరమే! 1961లో లీగువారు జట్లన్నిటి ప్రసారహక్కులను ఒకే మూటగా కట్టి అమ్ముకొనుటకు కాంగ్రెసు ప్రత్యేకమైన చట్టము చేసి, షెర్మను చట్టమునుండి మినహాయింపు నిచ్చెను. ఆ చట్టముననే, జట్టు సొంత ఊరిలో ఆడు దినమున ఆ ఊరిలో ప్రసారము నాపుకొను స్వాతంత్ర్యమును గూడ చేర్చిరి. మరుసటి యేటి డిశంబరులో న్యూయార్కునందే మరల చాంపియనుషిప్పు ఆట జరిగినప్పుడు అభిమానులు కొందరు న్యాయస్థానము నాశ్రయించిరి. న్యాయస్థానము వారి కోర్కెను నిరాకరించెను. డబ్బున్నవారు పొరుగున నున్న కనెక్టికటు రాష్ట్రమునకు కార్లలో పోయి, అచటి బసలలో గదులు తీసికొని ఆట చూచిరి. లేనివారు రేడియోతో తృప్తిపడిరి. ఇట్టి నిబంధనల భారము ఎప్పుడును ఎవరి నెత్తిన పడునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ నిబంధన కదిలిన విధము గూడ వినదగినది. ఆనాటికి టిక్కెట్లన్నియు అమ్ముడుపోయినను సొంత ఊరిలో ప్రసారము లేకుండెను. 1972 డిశంబరులో వాషింగ్టను జట్టు పెద్ద ఆటలకు వచ్చెను. టిక్కెట్టు కావలెనన్నను దొరకదు, టెలివిజనునందు కనబడదు. అధ్యక్షుడు నిక్సను ఈ క్రీడయం దభిమానము కలవాడు. అటార్నీ జనరలు క్లైన్‌డీన్‌స్టు, లీగు కమిషనరు పీట్ రోజెల్‌ను ఈ నిర్బంధము సడలింపుమని కోరెను, రోజెల్ నిరాకరించెను. చట్టసభ సభ్యులును ఆ రాజధాని నగరవాసులే కదా! సామాన్యుని గదిలో ఇరువది యేండ్లుగా నున్న చీకటి తమ గదిలోనికి వచ్చినప్పుడే వారికి కనబడెను. 1973 సెప్టెంబరు 14వ తేదీన క్రొత్త చట్టము వచ్చెను. 72 గంటలు ముందుగా టిక్కెట్లన్నియు అమ్ముడైన ఆటను ఆ ఊరిలో చూపవలసినదే యని అది శాసించెను. ఆ చట్టము 1975 చివర గడువు తీరి పోయెను. కాని లీగు ఆ పద్ధతినే తానుగా కొనసాగించెను.

అంతవరకు బాగుగనే యున్నది. కాని 1975లో మరియొకటి జరిగెను. ప్రసారములను నియంత్రించు ప్రభుత్వసంస్థయగు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను, లీగు చీకటిచేసిన ఆటను కేబులు తంతులవారు గూడ ఆ ఊరిలో చూపరాదని ఒక నియమము చేసెను. పిదప అది ఉపగ్రహ ప్రసారములకును వ్యాపించెను. అనగా నేమి? యజమానులు తమలో తాము చేసికొన్న ఒప్పందమునకు ప్రభుత్వము కాపలాదారయ్యెను. ప్రైవేటు మనుష్యుల బేరమునకు రాజదండము తోడుపడెను. మా అభిప్రాయమున ఈ కథలో అన్నిటికంటె దోషమైన భాగ మిదియే. వర్తకుడు తన సరకును అమ్మనని యనవచ్చును. కాని వాని మాటను కాపాడుటకు పోలీసును నిలబెట్టుటకు ముందు, దీనివలన ప్రజలకు మేలేమని ప్రభుత్వ మడుగవలదా? ఒకసారి యడిగినను, పది యేండ్లకొకసారియైన మరల అడుగవలదా?

ఈలోపల కాలము మారెను. 1962లో మొదలైన ప్రసార ఒప్పందమువలన లీగంతటికిని సంవత్సరమునకు వచ్చినది 46 లక్షల 50 వేల డాలర్లు. 2021లో చేసికొన్న ఒప్పందములు పదునొకండు ఋతువులకు 10,000 కోట్ల డాలర్లను మించునని పత్రికలు వ్రాసినవి. ద్వారమువద్ద టిక్కెట్టు అమ్ముకొని బ్రతికిన లీగు, టెలివిజను అన్నము తిను లీగయ్యెను. 1950లో టెలివిజను దానికి శత్రువు; ఇప్పుడు టెలివిజనే దానికి పోషకుడు. అయినను నాటి భయమున వ్రాసిన నియమము చెక్కుచెదరలేదు. 1970ల నడుమ లీగు ఆటలలో సగముకంటె ఎక్కువ ఈ చీకటిలో పడుచుండెను. 2011 నాటికి అవి ఒక ఋతువున 16కు తగ్గెను. తగ్గెను గనుక ఉండనిండని కొందరనిరి. కాని ఆ పదునారును ఎవరి పాలబడెనో చూడుడు.

ఒహైయో రాష్ట్రమున సిన్సినాటి నగరమున్నది. 1996లో ఆ జిల్లా ప్రజలు రెండు క్రీడాంగణములు కట్టుటకై తమ కొనుగోళ్లపై డాలరుకు అర సెంటు పన్ను వేసికొనుటకు ఓటిచ్చిరి. ఫుట్‌బాలు మైదానము 2000లో తెరువబడెను. 2011 ఋతువున ఆ ఊరి జట్టు ఆ మైదానమున ఆడిన ఎనిమిది ఆటలలో ఆరు ఆటలు ఆ ఊరివారికే కనబడలేదు. చొక్కా కొన్నను ఆ పన్ను చెల్లించిన ముదుసలి, తాను కట్టించిన మైదానమున ఏమి జరుగుచున్నదో చూడజాలకపోయెను. ఫ్లోరిడాలో టాంపా నగరమును అంతే. అక్కడను అర సెంటు పన్నుతోనే మైదానము లేచినది. 2010లో ఆ మైదానమునందలి ఎనిమిది ఆటలును చీకటిలోనే జరిగినవి. ఈరీ సరస్సు ప్రక్కనున్న బఫెలో ఒకప్పటి ఉక్కు పరిశ్రమల ఊరు. పనులు పోయి జనము పలుచబడిన ఊరు. డిశంబరు మంచులో ఆరుబయట మూడు గంటలు కూర్చుండలేని వృద్ధులు, రోగులు, చక్రముల కుర్చీలోనివారు అచట లేరా? ధనికనగరముల టిక్కెట్లు ఎట్లును అమ్ముడుపోవును. చీకటి పడునది పని పోయిన ఊరిమీదనే. టిక్కెట్టు కొనలేని పేదరికమునకు శిక్ష యేమన, ఊరకే వచ్చు ఆటను గూడ తీసివేయుట!

ఇక నిబంధనను తప్పించుకొనుటకు పన్నిన ఉపాయములు చూచిన నవ్వు వచ్చును. ఫ్లోరిడాలోనే జాక్సన్‌విల్లు నగరమున 2005లో సుమారు 10,000 ఆసనములపై పెద్ద గుడ్డలు కప్పిరి. కప్పిన ఆసనము లెక్కకు రాదు. లెక్కకు రాని ఆసనము ఖాళీ కాదు. కాబట్టి మైదానము నిండినది! యజమాని తన మిగిలిన టిక్కెట్లను తానే డాలరుకు 34 సెంట్ల చొప్పున కొనుటకు నాడు వీలుండెను. అప్పుడును మైదానము నిండినట్లే. 2012లో లీగువారు 85 పాళ్లు అమ్ముడైనను చాలునని జట్లకు వెసులుబా టిచ్చిరి. 2014 జనవరిలో పెద్ద ఆటలకే టిక్కెట్లు మిగిలిపోగా, స్థానిక వర్తకసంస్థలు ముందుకు వచ్చి కొని చీకటిని తప్పించవలసి వచ్చెను. తయారుచేసినవారే ఇన్ని కిటికీలు పెట్టుకొన్న గోడ, ఇక గోడ యని యనిపించుకొనునా?

లీగువారి ప్రత్యుత్తరమును గూడ చెప్పకున్న అన్యాయమగును. ఈ నియమమున్నందుననే మా ఆటలు ఉచితముగ అందరికిని అందు కేంద్రములలో ప్రసారమగుచున్నవి. దీనిని తీసివేసినచో డబ్బు చెల్లించి చూచు ప్రసారములలోనికి పోవలసి వచ్చును. నిండిన మైదానమున్నగాని తెరమీది ఆటకును కళ లేదు – ఇది వారి వాదము. చివరి మాట నిజమే. ఖాళీ పందిరిలో నాటకము రక్తికట్టదు. కాని పందిరి నింపుటకు టిక్కెట్టు ధర తగ్గింపవచ్చును, ఆట బాగుపరుపవచ్చును. ఇంట నున్నవాని దీపమార్పుట ఒక్కటియే మార్గమా? ఇక ఉచిత ప్రసారము వారు చేయు దానము కాదు. ప్రకటనలు అమ్ముకొని, అందరికిని చేరు కేంద్రములవలననే వారు ఆ ధనరాసులు సంపాదించిరి.

2011లో అభిమానుల సంఘమును, వినియోగదారుల సంఘములును కలిసి, ఈ నియమమును తీసివేయుడని కమిషనునకు విన్నపము పెట్టుకొనిరి. మూడేండ్లు విచారణ జరిగెను. భారతదేశమునుండి వలసవెళ్లిన వైద్యదంపతుల కుమారుడగు అజిత్ పాయ్ ఆనాడు కమిషను సభ్యులలో నొకడు. ఆయన 2014 ఆగస్టులో బఫెలో నగరమునకే పోయి, ఈ విషయమున ఓటు జరుగవలెనని బహిరంగముగ కోరెను. 2014 సెప్టెంబరు 30వ తేదీన అధ్యక్షుడు టామ్ వీలరు నాయకత్వమున కమిషనులోని అయిదుగురును ఏకగ్రీవముగా ఆ నియమమును రద్దుచేసిరి. పక్షభేదములు గల ఆ సంఘమున ఒక్కరును దానిని సమర్థించుటకు చేయి యెత్తలేదు. కాపలాదారు తొలగిన పిమ్మట యజమానులు 2015 మార్చిలో తమ నిబంధనను తామే నిలిపివేసిరి. నాటినుండి దానిని మరల అమలుపెట్టలేదు. లీగు కూలిపోలేదు, దాని ఆదాయము పెరిగినది.

కాని యిచ్చటనే భేరి మ్రోగించి పండుగ చేసికొనరాదు. చీకటి పోయినదనుట పూర్తిగా నిజము కాదు, చోటు మారినది. 2024 జనవరి 13వ తేదీన కాన్సాస్ సిటీ, మయామి జట్ల నడుమ జరిగిన పెద్ద ఆటను, నెలనెల చందా చెల్లించు వారికి మాత్రమే అందు ఒక అంతర్జాల ప్రసారమున చూపిరి. విచిత్ర మేమన, ఆ రెండు ఊళ్లలో మాత్రము అది ఉచితముగ మామూలు టెలివిజనున వచ్చినది. తక్కిన దేశమునకు చందాకట్టనిదే తెర తెరువలేదు. ఒకనాడు ఊరికి చీకటి, దేశమునకు వెలుగు. ఇప్పుడు ఊరికి వెలుగు, దేశమునకు రుసుము. కాబట్టి వివాదము 75 మైళ్లది కాదు, 72 గంటలది కాదు. ప్రజలు తమదనుకొను ఆటకు తలుపు ఎవరి చేతిలో నుండవలె నన్నదే వివాదము.

ఈ ప్రశ్నకు మన దేశము తన సమాధానము చెప్పియున్నది. 1993లో జరిగిన హీరో కప్ క్రికెట్టు పోటీల ప్రసారమునుగూర్చి బెంగాలు క్రికెట్టు సంఘమునకును, కేంద్రప్రభుత్వమునకును వచ్చిన వ్యాజ్యమున, 1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీముకోర్టు, ప్రసారతరంగములు ప్రజల ఆస్తి యని ప్రకటించెను. అవి ప్రభుత్వపు గుత్తసొత్తు కాదు, ధనికుని గుత్తసొత్తు కాదు. ప్రజల మేలుకొరకే వినియోగింపవలెను. ఆ ధర్మాసనమున కూర్చుండి ప్రత్యేకమైన తీర్పు వ్రాసినవారిలో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారొకరు. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయము. పిదప 2007లో పార్లమెంటు చేసిన చట్టముచే, జాతీయప్రాముఖ్యము గల ఆటల హక్కులు కొన్న ప్రైవేటు ప్రసారకులు ఆ ప్రసారమును ప్రసారభారతికిని పంచి ఇయ్యవలెను. టెలివిజను ప్రకటనల ఆదాయమున హక్కుదారునకు 75 పాళ్లకు తక్కువ కాకుండ ముట్టును. హక్కు కొన్నవాని కష్టము పోలేదు, కొనలేనివాని కన్ను మూయలేదు. ఇది మధ్యేమార్గము. చట్టము చదువని వారికిని ఇందలి ధర్మము తెలియును.

అయితే చట్టమున్నంతమాత్రమున మనము నిద్రింపవచ్చునని మేమనము. కారణము తొలగినచో శాసనమును తొలగునని న్యాయశాస్త్రమున ఒక ప్రాచీనసూత్రము కలదు. ఆ సూత్రము తనంతట తాను పనిచేయదు. 1950లో పుట్టిన భయము అరువదినాలుగేండ్ల పిదప గాని కొట్టివేయబడలేదు; అదియు నలుగురు సామాన్యులు కాగితమున తమ విన్నపము వ్రాసి, సంతకము చేసి, తగినచోట దాఖలుచేసినందున. వారు మైదానములు పగులగొట్టలేదు. మైదానములకు పోవుట మానలేదు. ఈ నియమము ఏల యున్నదని అడిగిరి. జవాబు వచ్చువరకు అడిగిరి. జవాబు లేదని తేలిన పిదప తీసివేయుమనిరి.

మన మునిసిపాలిటీలలో, పంచాయతులలో, కచ్చేరీలలో ఇట్టి నియమములు ఎన్ని లేవు? ప్రజల డబ్బుతో కట్టిన సభాభవనమునకు ప్రజలను రానీయని నియమములు, ఎవరికొరకు ఎప్పుడు వ్రాసిరో ఎవరికిని తెలియని నియమములు, పేదవాని గుమ్మముననే ఖండితముగ అమలగు నియమములు ఎన్ని లేవు? వానిలో ఒక్కదానిని ఈ సంవత్సరము ఈ గ్రంథాలయ సభ్యులు చేపట్టి, దాని పుట్టుక యెప్పుడు, కారణమేమి, ఆ కారణము నేటికిని కలదా యని విచారించి, లేనిచో తగినచోట విన్నపము దాఖలుచేయుదురుగాక. అర్జీ వ్రాయుట తెలియనివారికి వ్రాసి యిచ్చుటకు మావంటి న్యాయవాదులు, కార్యకర్తలు సిద్ధముగ నున్నారు, రుసుమక్కరలేదు. రండు, అడుగుదము. అడుగనివానికి తెర తెరువబడదు.